ఏడో నంబరు దారి

1408వ రోజు. మబ్బు, మధ్యాహ్నం జల్లు. నడిచినవారు 171. చెత్త నాలుగు సంచులు.

పై గీతలో అడిగినవన్నీ, నా ఉద్యోగంలో ఇది ఎన్నో రోజన్నదానితో సహా, రాశాను. కింద ‘ఇతర విషయాలు’ అన్న గడిలో కనీసం రెండు వాక్యాలుండాలని కొత్త నిబంధన పెట్టారు కదా, ఇదిగో రాస్తున్నాను. ఇన్నాళ్లూ ‘విశేషం ఏమీ లేదు’ అని రాసి చేతులు దులుపుకునేదాన్ని. ఇవాళ విశేషం ఉంది.

పొద్దున్నే అంబలి కలుపుతుంటే మా పెరట్లో ఇనపకాళ్ల చప్పుడు. తొంగిచూస్తే పదకొండు మంది. ఒకరి వెనక ఒకరు, మేకలపాక పక్కనుంచి, నా గుమ్మడిపాదు తొక్కుకుంటూ కొండపైకి పోతున్నారు. ఇనపకాళ్లంటే ఇప్పుడు తెలియనివాళ్లెవరు? నడుముకి పట్టా, తొడలకీ పిక్కలకీ బద్దలు, లోపల మోటారు. తగిలించుకుంటే డెబ్బయ్యేళ్ల పెద్దాయన కూడా మా కొండని మేడమెట్లు ఎక్కినట్టు ఎక్కేస్తాడు. అవి వచ్చాకే మా కరకవలసకి ఈ జనం.

“ఓ బావూ! ఇటెక్కడికి? దారి అటు కదేటి!” అని కేకేశాను.

ముందున్న కుర్రాడు మణికట్టు చూపించాడు. “మార్గమ్మ ఇటే చూపిస్తోందండీ. కొత్త దారి. ఏడో నంబరు.”

మార్గమ్మ మనిషి కాదు. కొండ ఎక్కడానికి వచ్చినవాళ్ల చేతి పట్టాలో కూర్చుని ఎటు నడవాలో, ఎక్కడ ఆగాలో చెప్పే యంత్రం. ఆడగొంతు కాబట్టి మా ఊరివాళ్లు ఆ పేరు పెట్టారు, అదే పట్నం దాకా పాకింది. కరకవలసకి ఆమె దగ్గర ఆరు దారులే ఉన్నాయి. నాలుగేళ్లుగా ఆ ఆరింటికీ నేనే కాపలాదారుని. నాకు తెలియకుండా ఏడోది ఎక్కడ పుట్టుకొచ్చిందని వాళ్ల వెనకే వెళ్లాను. మద్దిచెట్టు దగ్గర ఎడమకి తిరిగారు. గెడ్డలో నీళ్లు దాటారు. చీపురుగడ్డి మధ్యనుంచి సన్నగా పైకి పోయే జాడ పట్టుకున్నారు. నేను మాత్రం గెడ్డ దాటలేదు. గట్టుమీదే కూలబడ్డాను.

అది మా పిల్ల దారి. మా పిల్ల పోయి నలభై రోజులు.

1409వ రోజు. వాన. నడిచినవారు 140, ఏడో దారిలోనే 92. చెత్త మూడు సంచులు.

కొండ కింద దారుల కేంద్రంలో ముకుందరావు గారికి ఫోన్ చేశాను. ఈ రాతలన్నీ ముందు ఆయనే చదువుతాడు, చదువుతాడనే అనుకుంటున్నాను.

“కొత్త దారి ఎవరు పెట్టినారు బావూ?”

“ఎవరూ పెట్టలేదమ్మా. మార్గమ్మే పట్టుకుంది, మీ కాలి పట్టీలోంచి. 1379వ రోజు, పొద్దున ఆరుంపావు నుంచి తొమ్మిదింటి వరకు. ఎంత బాగా నడిచారమ్మా! తొందరపడలేదు, మలుపు వచ్చిన చోటల్లా నిదానించారు. తొమ్మిది చోట్ల ఆగారు. ఆ తొమ్మిదీ వ్యూ పాయింట్లుగా పెట్టేసింది.”

ఫోన్ పెట్టేశాను. ఆయన ఇంకా ఏదో మెచ్చుకుంటూనే ఉన్నాడు.

మీకు అర్థం కావాలంటే మా ఊరి సంగతి చెప్పాలి. మా ఊళ్లో ప్రతి మనిషికీ ఒక సొంత దారి ఉంటుంది. పిల్లో పిల్లాడో ఒంటరిగా అడవికి పోవడం మొదలుపెట్టాక, తన కాళ్లతో తనే వేసుకునేది. ఎంత దగ్గరైనా సరే, ఇంకొకళ్ల దారిలో వాళ్లు పిలవనిదే అడుగు పెట్టం. మనిషి పోయాక పదకొండో రోజున దగ్గరివాళ్లు ఒక్కరే, చెప్పులు లేకుండా, ఆ దారిని చివరిదాకా ఒక్కసారి నడిచి వస్తారు. అంతే. ఆ తర్వాత ఎవరూ దాన్ని తొక్కకూడదు. గడ్డి పట్టాలి. అయినవాళ్లు వెళ్లి వెతికినా దారి దొరకనంతగా మూసుకుపోయిన రోజున, పోయినవాళ్లు చేరాల్సిన చోటికి చేరారని లెక్క. అప్పటిదాకా వాళ్లింకా నడుస్తూనే ఉంటారు. అందుకే అప్పటిదాకా వాళ్ల పేరు పలకం. పలికితే వెనక్కి తిరుగుతారు. మా పిల్ల పేరు నేను ఇక్కడ రాయకపోవడం మరచిపోయి కాదు.

1379వ రోజు మా పిల్ల పదకొండో రోజు. ఆ తొమ్మిది చోట్లా నేను ఆగింది ఏడవడానికి.

కాపలాదారులం ఎటు నడిచామో లెక్కరాసే ఆ కాలి పట్టీని డ్యూటీ అయ్యాక విప్పాలని కాగితంమీద ఉంది, నిజమే. విప్పితే మళ్లీ బిగించుకోవడానికి కేంద్రానికి పన్నెండు కిలోమీటర్లు దిగిరావాలి. అందుకని మేం కాపలాదారులం ఎవరం విప్పం. నాలుగేళ్లుగా దానితోనే స్నానం, దానితోనే నిద్ర. కాలికి అదొకటుందన్న ధ్యాసే ఉండదు నాకు.

1410వ రోజు. వాన. నడిచినవారు 122. చెత్త తీయలేదు.

మా ఆయనకి చెప్పాను. చెప్పకుండా ఎన్నాళ్లు? మేకలపాక తడికె కట్టుకుంటూ ఆయనే అడిగాడు, “మన గుంట దారి ఈళ్లకి ఎవుడు సూపించినాడే?” అని. గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

“నానే.”

చేతిలో తాడు అలాగే ఉండిపోయింది.

“కాలికి పట్టీ ఉన్నాది. ఇప్పడం మర్సిపోనాను.”

ఆయన నా కాలివైపు చూశాడు. “సెప్పులు ఇప్పినావు. మెళ్లో పూసలు తీసి గూట్లో ఎట్టినావు. కొప్పు కూడా ఇప్పీసినావు. నాను సూసినాను.”

“ఊఁ.”

“పట్టీ ఇప్పలేదు.”

“లేదు.”

మళ్లీ తడికె కట్టడం మొదలుపెట్టాడు. తిట్టినా బాగుండేది. రెండు దెబ్బలేసినా పడి ఉండేదాన్ని. అంబలి తాగకుండా పడుకున్నాడు.

1415వ రోజు. ముసురు. నడిచినవారు 206. చెత్త ఐదు సంచులు.

నిన్న నేనూ మా ఆయనా కలిసి రేగుకంప కొట్టి, మద్దిచెట్టు దగ్గర ఏడో దారి మొదట్లో మనిషెత్తు వేశాం. చేతులు చీరుకుపోయాయి. ఇవాళ వచ్చిన మొదటి జట్టే ఇనపకాళ్లతో దాన్ని అప్పడంలా తొక్కేసింది. “భలే ఉంది, అడ్వెంచర్!” అని ఫొటోలు దిగారు. సాయంత్రానికి మార్గమ్మ ఏడో నంబరు కింద ‘స్వల్ప సాహసం కూడా ఉంది’ అని చేర్చుకుంది. నా చీరుకుపోయిన చేతులు ఆవిడకి ప్రచారానికి పనికొచ్చాయన్నమాట.

దారికి పేరు కూడా పెట్టింది. మౌనదారి. ఆ దారిలో అందరూ ఎందుకో మాటలు తగ్గిస్తున్నారట.

1419వ రోజు. వాన తెరిపి. నడిచినవారు 251. చెత్త ఆరు సంచులు.

ముకుందరావు గారు అభినందనలంటూ పంపించాడు. ఈ నెల జిల్లాలో ఎక్కువమంది మెచ్చిన దారి మాదేనట. నడిచినవాళ్లు రాసిన మాటలూ జతచేశాడు. ఒకరెవరో రాశారు: “అయిదో చోట చూడ్డానికి ఏమీ లేదు. ఒక పుట్ట, ఒక ఉసిరిచెట్టు. అయినా అక్కడే ఎక్కువసేపు నిలబడిపోయాం. గుండె బరువెక్కింది.”

ఆ ఉసిరిచెట్టు మీదనుంచే మా పిల్ల ఏడేళ్లప్పుడు కిందపడి ముందుపన్ను విరగ్గొట్టుకుంది. ఆ పన్ను చెట్టు మొదట్లోనే పాతిపెట్టి, మొలుస్తుందని రోజూ నీళ్లు పోసేది. వాళ్ల నాన్న ఒకరోజు ఆ చోట గుప్పెడు మొక్కజొన్న గింజలు వేసి, మొలక రాగానే “ఇదిగోనే నీ పన్ను” అని చూపించాడు. మా పిల్ల పిలిస్తే వారం రోజులు ఊరంతా ఆ మొలకని చూడ్డానికి వచ్చి వెళ్లింది. పట్నంవాళ్లకి ఇవేవీ తెలియవు. తెలియకుండానే వచ్చి బరువెక్కి పోతున్నారు. నా ఏడుపు నాకు కాకుండా పోయింది.

ఆ చోట ఇప్పుడు బల్ల వేస్తారట.

1423వ రోజు. పెద్దవాన. నడిచినవారు 88. చెత్త రెండు సంచులు.

నిన్నటి పేజీలో ‘ఏడో దారిలో కొండచరియ విరిగింది, ప్రమాదం, దారి మూయాలి’ అని రాశాను కదా. అబద్ధం. గంటలో ఎగిరే కన్ను వచ్చి పైనుంచి చూసిపోయింది. ముకుందరావు గారు గొంతు తగ్గించి, “ఇంకోసారి ఇలా రాస్తే మీ ఉద్యోగం నేను కాపాడలేనమ్మా” అన్నాడు. “మా ఊరి ఆచారమని రాసిచ్చినా మూయరేటి?” అంటే, “మార్గమ్మ లెక్కలో ఐదుకి నాలుగు పాయింట్లు దాటిన దారిని మూసే అధికారం ఇక్కడ ఎవరికీ లేదు” అన్నాడు. మరి ఎవరికి ఉందో ఆయనకీ తెలియదు.

ఇంకో తప్పు కూడా చేశాను, అదీ రాసేస్తాను. వాన తగ్గాక ఏడో దారి మొదట్లో పారమ్మ టీ పెట్టింది. పారమ్మది మా వెనక ఇల్లు, నాకు ఆడపడుచు వరస. మా పిల్ల పోయిన నాడు స్నానానికి నీళ్లకుండ దింపడానికి సాయం పట్టింది కూడా ఆమే. నేను వెళ్లి కెటిల్‌ని కాలితో తన్నేశాను.

“సిగ్గనేది ఉన్నాదేటి నీకు? గుంట ఇంకా నడుస్తన్నాది ఆ దారిలో!”

పారమ్మ కెటిల్ ఎత్తుకుని, అంటిన బురద కొంగుతో తుడుచుకుంది. “నాకు తెల్దేటి ఒదినా? తెలుసు. నా ఇల్లు కారిపోతన్నాది. నాను టీ ఎట్టకపోతే ఆళ్లు నడవడం మానీస్తారేటి సెప్పు.”

ఇంటికొచ్చి, మా పాకమీది రెండు రేకులు తీసి మా ఆయనచేత ఆమె ఇంటికి పంపించాను. ఆవిడ రేకులు తీసుకుంది. టీ మానలేదు.

1434వ రోజు. మబ్బు. నడిచినవారు 288. చెత్త ఏడు సంచులు.

అయిదో చోట బల్ల మీద ఒక పెద్దాయన ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. నేను దారి తొక్కకుండా పక్క గడ్డిలోంచి చిప్స్ కవర్లు ఏరుతుంటే, “ఏమ్మా, ఈ దారికి ఏదో కథ ఉన్నట్టుందే?” అని అడిగాడు. ఇన్ని రోజుల్లో అడిగినవాడు ఆయనొక్కడే. అంతా చెప్పాను.

విని, అక్కడే ఇనపకాళ్లు విప్పేశాడు. విప్పితే ఆయన కాళ్లు వణుకుతున్నాయి, నిలబడలేడు. “వద్దండి, తగిలించుకోండి, ఈ ఒక్కపూటకి ఏమవుద్ది” అన్నాను. వినలేదు. మా ఆయన్ని పిలిచాను. ఆయన ఆ పెద్దాయన్ని వీపున వేసుకుని, గడ్డిమీదనుంచి అడ్డంగా మూడో దారికి చేర్చి కిందికి దింపాడు. దిగేటప్పుడు పెద్దాయన మా ఆయన చెయ్యి పట్టుకుని క్షమించమన్నాడు. మా ఆయన అరవై ఆరు రోజుల తర్వాత మొదటిసారి అప్పుడు ఏడ్చాడు, అదీ ఎవరో తెలియని మనిషి ముందు.

ఆ పెద్దాయనొక్కడే ఆగాడు. మిగతా రెండువందల ఎనభై ఏడు మందీ నడిచారు. తొలకరి వెళ్లి నెల కావస్తోంది, కొండంతా మోకాలెత్తు గడ్డి లేచింది. మా పిల్ల దారి మాత్రం ఎర్రగా, బోసిగా, రోజురోజుకీ వెడల్పవుతోంది. ఈ వానలు పోతే మళ్లీ ఏడాది దాకా గడ్డి లేవదు. ఏడాదిపాటు నా బిడ్డ ఈ జనం కాళ్ల మధ్య నడవాలా?

1436వ రోజు. జల్లు. నడిచినవారు 230. చెత్త ఐదు సంచులు.

ఒకాయన ఫోన్ చేశాడు. పేరు రాయొద్దన్నాడు, రాయను.

“మూయడం ఎవరి చేతిలోనూ లేదమ్మా. కానీ మార్గమ్మకి దీనిమీద ప్రేమేమీ లేదు. ఇంతకన్నా మంచి దారి ఇదే ఊళ్లో దొరికితే జనాన్ని మొత్తం అటు తిప్పేస్తుంది. అరవై రోజులు ఎవరూ నడవకపోతే పాతదాన్ని లిస్టులోంచి తీసేస్తుంది. మీ కాలికి పట్టీ ఉందిగా.”

అంతే చెప్పి పెట్టేశాడు. ఆయన పిల్లాపాపలు చల్లగా ఉండాలి.

1439వ రోజు. మబ్బు. నడిచినవారు 244. చెత్త ఐదు సంచులు.

మంచి దారి ఎక్కడినుంచి తేవాలి? ఉన్నవన్నీ ఎవరో ఒకరివే. బతికున్నవాళ్ల దారి అడగడానికి నోరు రాదు, పోయినవాళ్లది అసలు ముట్టుకోకూడదు. మా ఆయన అన్నాడు, “నాది తీసుకోయే” అని.

“నీ దారా! జీలుగుచెట్టు దాకా ఎళ్తాది, కల్లుకుండ దగ్గర ఆగిపోద్ది. ఎవుడు సూత్తాడు దాన్ని?”

ఇద్దరం నవ్వాం. నవ్వు మధ్యలో ఆయన ఆగిపోయాడు. నేనేం చేయబోతున్నానో అర్థమైంది.

“నీ దారి ఇచ్చీసి, రేపు నువ్వెలా సేరతావే?”

“నా సంగతి తరవాత. ముందు గుంట సేరాల.”

“నడిసినోళ్లు నడుస్తూనే ఉంటారు. నీది ఎప్పుటికీ మూసుకోదు.”

“తెలుసు.”

ఆయన లేచి మేకల దగ్గరికి పోయాడు. వద్దనలేదు. ఒప్పుకోనూ లేదు.

1441వ రోజు. తెరిపి. నడిచినవారు 260. చెత్త ఆరు సంచులు.

నా దారిలో నడిచాను. మా ఇంటి ముందునుంచి పనసతోట మీదుగా, లోయ అంచు పట్టుకుని పోయేది. బాగుంటుంది, నా దారి అని చెప్పడం కాదు. పొద్దున్న పూట లోయలో మబ్బులు కిందుంటాయి. మలుపు దగ్గరల్లా నిదానించాను. ఎనిమిది చోట్ల ఆగాను, ఒక్కోచోట నూరేసి లెక్కపెట్టుకుని. పొంగలి చేసినంత శ్రద్ధగా చేశాను.

సాయంత్రం పట్టీలోంచి మార్గమ్మ గొంతు వినిపించింది: “ప్రయత్నానికి ధన్యవాదాలు. నడకలో సహజత్వం లేదు. ఐదుకి రెండు పాయింట్ ఒకటి.”

మనిషైతే జుట్టు పట్టుకునేదాన్ని.

నాకు తెలుసు ఎందుకో. చివరిదాకా వెళ్లలేదు నేను. లోయ అంచున నల్లబండ ఉంది, నా దారి అక్కడితో ఆఖరు. దానికి వంద అడుగుల ముందే వెనక్కి తిరిగాను.

1446వ రోజు. పొద్దున ఎండ. నడిచినవారు 271. చెత్త ఎత్తలేదు, రేపు ఎత్తుతాను.

ఇవాళ చివరిదాకా వెళ్లాను. ఎందుకు వెళ్లలేకపోయానో రాస్తాను, రాస్తే గానీ ఊపిరి ఆడేలా లేదు.

1368వ రోజు మా పిల్లని పాము కరిచింది. చీపుర్లు కట్టిన మోపు ఎత్తుతుంటే. ఇరవై రెండేళ్ల పిల్లని వీపున కట్టుకుని, నా దారినే పరుగెత్తాను. ఎగిరే డోలీ దిగడానికి చదునైన చోటు మా కొండమీద నల్లబండ ఒక్కటే. డోలీ మా మండలానికంతటికీ ఒకటే. ఫోన్ చేస్తే, మూడో దారిలో ఒకామెకి చీలమండ బెణికిందట, ఆమెని ఆసుపత్రిలో దింపి వస్తుందన్నారు. నలభై నిమిషాలు. బండమీద పిల్ల తల ఒళ్లో పెట్టుకుని ఆకాశం చూస్తూ కూర్చున్నాను. మాటలు ముద్దైపోతున్నా మాట్లాడుతూనే ఉంది. “అమ్మా, నీ దారి బాగుంటాదే. నన్నెప్పుడూ పిలవనేదు నువ్వు” అంది. “ఇప్పుడు పిలిసినాను కదే తల్లీ” అన్నాను. డోలీ వచ్చేసరికి చెయ్యి చల్లబడిపోయింది.

ఇవాళ ఆ నలభై నిమిషాలూ ఆ బండమీద కూర్చున్నాను. లెక్కపెట్టలేదు. తల దించుకుని, పట్టీ ఉందన్న సంగతి కూడా మరచిపోయి, గొంతు పోయేదాకా ఏడ్చాను. తిరిగొచ్చేటప్పుడు ఎక్కడెక్కడ ఆగానో నాకు తెలియదు.

1447వ రోజు. ఎండ. నడిచినవారు 265. చెత్త తొమ్మిది సంచులు.

ఐదుకి నాలుగు పాయింట్ తొమ్మిది. ఎనిమిదో నంబరు. పేరు ‘ఆకాశం బండ’. రేపటినుంచి తెరుస్తారు.

1455వ రోజు. నడిచినవారు: ఎనిమిదో దారి 201, ఏడు 64.

1462వ రోజు. ఎనిమిది 318, ఏడు 11. దారి తెలిసినవాళ్లు, రెండోసారి వచ్చినవాళ్లు ఇంకా అటే పోతున్నారు. మద్దిచెట్టు దగ్గర మా ఆయన రోజంతా కాపలా కూర్చుని, దండం పెట్టి ఎనిమిదికి పంపిస్తున్నాడు. ఎప్పుడూ ఎవరికీ దండం పెట్టని మనిషి.

1469వ రోజు. ఎనిమిది 377, ఏడు సున్న.

సున్న. రెండుసార్లు చూశాను.

1473వ రోజు. వాన. ఎనిమిది 290, ఏడు సున్న. చెత్త ఎనిమిది సంచులు.

జనంతోపాటు పారమ్మ కెటిల్ కూడా మా ఇంటి ముందుకి వచ్చింది. పొయ్యి పెట్టుకుంటూ పనసతోటవైపు చూసింది, నల్లబండ వైపు పోయే జనాన్ని చూసింది, నా మొహం చూసింది.

“ఇది నీ దారి కాదేటి ఒదినా?”

“నాదే.”

“ఓలమ్మో...” అని పొయ్యి ముందే చతికిలబడిపోయింది. “ఎంత పన్జేసినావే! ఎంత పన్జేసినావే తల్లీ!”

నేనే ఆమెని లేపాల్సి వచ్చింది. పాలు పొంగిపోతున్నాయని చెప్పాను. ఆమె ఏడుస్తూనే దింపింది, ఏడుస్తూనే గ్లాసుల్లో పోసింది. నేనూ ఒకటి తాగాను. పంచదార ఎక్కువేస్తుంది ఈవిడ.

1502వ రోజు. ఎండావానా. ఎనిమిది 344, ఏడు సున్న. చెత్త ఎనిమిది సంచులు.

మద్దిచెట్టు దగ్గర నిలబడి దూరంనుంచే చూశాను. ఎర్రమట్టిలో పచ్చగా చుక్కలు. నా దారిలో పనసవేళ్లు బయటపడ్డాయి. నల్లబండమీద రైలింగు వేస్తున్నారు. జనం ఒకరి ఒళ్లో ఒకరు తల పెట్టుకుని ఫొటో దిగుతున్నారు అక్కడ. అలా కూర్చోమని మార్గమ్మే చెబుతోందట, ఈ రాతలు ఆవిడ కూడా చదువుతుందేమో.

1531వ రోజు. ఎండ. నడిచినవారు: ఎనిమిదో దారి 402. చెత్త పది సంచులు.

ఏడో గడి ఖాళీగా వదిలాను. మొన్ననే మార్గమ్మ దాన్ని లిస్టులోంచి తీసేసింది.

ఇవాళ పొద్దున్న పట్టీ విప్పి గూట్లో పెట్టాను. గుమ్మం దాటేలోపు మూడుసార్లు కాలు తడుముకున్నాను. మా ఆయన కూడా వంగి చూశాడు. రేపు కేంద్రానికి దిగివచ్చి మళ్లీ బిగించుకుంటాను, ఇవాళ్టి జీతం కోస్తే కోసుకోండి.

మద్దిచెట్టు దగ్గరికి ఇద్దరం వెళ్లాం. “ఇటు కదేటి” అని ఆయన ఒక పక్క చూపించాడు. “కాదు, ఆ పుట్ట ఎనకాల” అన్నాను. “పుట్ట అటుంటే గెడ్డ ఇటుండాల కదే.” “నీకెప్పుడు తెలిసిందిలే దారి!” కాసేపు పోట్లాడుకున్నాం. గడ్డి నడుం దాకా ఉంది. ఎటుచూసినా ఒకటే పచ్చన. పోట్లాట మధ్యలో ఒకరి మొహం ఒకరం చూసుకుని ఆగిపోయాం.

నాకు దొరకలేదు. చిన్ననాటినుంచీ నా బిడ్డ వచ్చీపోయిన దారి నాకు దొరకలేదు.

నూట అరవై మూడు రోజుల తర్వాత పిలిచాను. మొదటిసారి పెదాలే కదిలాయి. రెండోసారి గాలే వచ్చింది. మూడోసారి కొండంతా వినిపించింది.

సంపెంగీ!

సంపెంగి. మా పిల్ల పేరు సంపెంగి. రాయడానికి కూడా ఎంత బాగుందో.

ఇంటికొచ్చాక మా ఆయన అదేపనిగా మొదలుపెట్టాడు. “సంపెంగికి ఉప్పెక్కువుండాల. ఈ నల్లమేకంటే సంపెంగికి పడేది కాదు. సంపెంగి ఉంటే ఈపాటికి నిన్ను తిట్టును, పులుసులో ఇన్ని నీళ్లేటి అని.” పేరు పలకడానికే ఆ మాటలన్నీ. నేను పొయ్యి దగ్గర కూర్చుని వింటూ ఉన్నాను. ఆయన ఉన్నట్టుండి ఆగాడు.

“మరి రేపు నువ్వు పోతే, నీ పేరు నానెలా పిలిసీది?”

బయట నా దారిలో ఇనపకాళ్లు టకటకమంటూ పోతూనే ఉన్నాయి.

“ఇప్పుడే పిలిసీ. ఆస తీరా పిలిసీ” అన్నాను వేళాకోళంగా.

ఈ ముప్పయ్యేళ్లలో ‘ఒలే’, ‘ఇదిగో’ తప్ప పేరుపెట్టి పిలిచి ఎరగడు. పొయ్యి ఆరిందాకా పిలుస్తూనే ఉన్నాడు. ఊఁ, ఊఁ అని పలికీ పలికీ నా నోరు నొప్పెట్టింది.

ముకుందరావు గారూ, ఈ పేజీ పైన ‘కాపలాదారు పేరు’ అన్న చోట ఇన్నాళ్లూ నా నంబరే వేస్తూ వచ్చాను, అది చాలన్నారు కదా అని. ఇవాళ పేరే రాస్తున్నాను. నేను పోయాక మా ఊళ్లో దీన్ని ఎవరూ పలకరు, మీ దగ్గరన్నా ఉండనివ్వండి.

దాలమ్మ.